ఆల్పైన్ లార్చ్‌ను గుర్తుపట్టడం ఎలా

శంకువులు కాచే చెట్లన్నీ ఏడాది పొడవునా పచ్చగానే ఉంటాయని చాలామంది అనుకుంటారు. లార్చ్ చెట్లు మాత్రం ఏటా శరదృతువులో సూదాకులన్నీ పసుపు బారి, రాలిపోయి, శీతాకాలమంతా మోడుల్లా నిలబడతాయి. ఉత్తర అమెరికాలోని లార్చ్ జాతుల్లో అత్యంత ఎత్తున బతికేది ఆల్పైన్ లార్చ్. దాని శాస్త్రీయ నామం లారిక్స్ లయాల్లీ. స్కాట్లండ్‌కు చెందిన వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు డేవిడ్ లయల్ పేరు మీద ఇటలీ వృక్షశాస్త్రజ్ఞుడు ఫిలిప్పో పార్లాతోరే 1863లో దీనికి ఆ పేరు పెట్టాడు. ఈ చెట్టు పెరిగే కొండల్లోనే వెస్టర్న్ లార్చ్ అనే మరో జాతి కూడా ఉంటుంది కనుక, రెండింటినీ పొరపడకుండా వేరుచేయడమే ఇక్కడ అసలు పని.

ముందుగా నిలుచున్న చోటును చూడండి. అమెరికాలోని వాషింగ్టన్, ఐడహో, మోంటానా రాష్ట్రాల్లోనూ, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా, ఆల్బర్టాల్లోనూ తప్ప ఆల్పైన్ లార్చ్ సహజంగా మరెక్కడా పెరగదు. అక్కడ కూడా కాస్కేడ్, రాకీ పర్వతశ్రేణులలో, ఎక్కువగా 1,800 నుంచి 2,400 మీటర్ల మధ్య, ఇక చెట్లు మొలవలేని ఎల్లకు చేరువలో కనిపిస్తుంది. ఉత్తరం వైపు వాలిన, మంచు ఆలస్యంగా కరిగే, బండరాళ్ళు గుట్టలుగా పడివున్న వాలులంటే దీనికి ఇష్టం. వెస్టర్న్ లార్చ్ సాధారణంగా ఇంతకంటే దిగువన, మట్టి దండిగా ఉన్న అడవుల్లో పెరిగి, అనుకూలమైన చోట 50 మీటర్లు కూడా దాటుతుంది. ఆల్పైన్ లార్చ్ చాలా చోట్ల 10 నుంచి 15 మీటర్లతోనే ఆగిపోతుంది.

తరువాత ఆకారాన్ని చూడాలి. ఎల్ల దగ్గర గాలికీ మంచుకీ తట్టుకోలేక సబ్‌ఆల్పైన్ ఫర్, వైట్‌బార్క్ పైన్ వంటి చెట్లు నేలబారుగా, పొదల్లా పాకుతుంటే, ఆల్పైన్ లార్చ్ అదే చోట నిటారుగా నిలబడి ఉంటుంది. వేళ్ళు గడ్డకట్టిన నేలలో ఉండి నీరు అందించలేని కాలంలో, పైన ఎండ, గాలి తగిలితే పచ్చటి సూదాకులు ఎండిపోతాయి; ఆకులనే వదిలేసుకున్న చెట్టుకు ఆ బెడద చాలామటుకు తప్పుతుంది. కొమ్మలు మెలికలు తిరిగి, కొనలు విరిగి, ఒక పద్ధతి లేకుండా సాగడం ముసలి చెట్ల లక్షణం. అయితే ఆకారాన్ని బట్టి తుది నిర్ణయానికి రావడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే గాలి దెబ్బ తిన్న ఏ చెట్టయినా దూరం నుంచి అలాగే కనిపిస్తుంది.

నిర్ణయం తేల్చేది లేత కొమ్మ. ఆ సంవత్సరం పెరిగిన కొమ్మ కొనను చేతిలోకి తీసుకొని, భూతద్దంతో పరిశీలించండి. ఆల్పైన్ లార్చ్ కొమ్మను ఉన్ని కప్పినట్టుగా దట్టమైన నూగు కమ్ముకొని ఉంటుంది. వేలితో తడిమితే మెత్తగా తగులుతుంది. వెస్టర్న్ లార్చ్ లేత కొమ్మకు మొదట్లో కొద్దిపాటి నూగు ఉన్నా, త్వరలోనే రాలిపోయి కొమ్మ నున్నగా అవుతుంది. ఆకులు రాలిన కాలంలో కూడా ఈ గుర్తు నిలిచి ఉంటుంది కనుక, ఒక్కటే గుర్తు నేర్చుకునే ఓపిక ఉన్నవారు దీన్నే నేర్చుకోవడం మంచిది.

ఆకులున్న కాలంలో రెండో పరీక్ష కూడా చేయవచ్చు. సూదాకులు పొట్టి గుబ్బల మీద గుత్తులుగా వస్తాయి. ఆల్పైన్ లార్చ్ గుత్తిలో సాధారణంగా 30 నుంచి 40 ఆకులు ఉంటే, వెస్టర్న్ లార్చ్ గుత్తిలో 15 నుంచి 30 వరకే ఉంటాయి. ఒక ఆకును అడ్డంగా కోసి భూతద్దం కింద చూస్తే ఆల్పైన్ లార్చ్‌ది నాలుగు పలకలుగానూ, రెండో దానిది మూడు పలకలుగానూ కనబడుతుంది. ఒక గుత్తిని లెక్కించి సరిపెట్టుకోకుండా, నాలుగైదు గుత్తులు చూడడం మేలు. శంకువులను మాత్రం ఆధారం చేసుకోవద్దు: పొలుసుల మధ్య నుంచి మొనదేలిన ఆకులాంటి రేకులు బయటికి పొడుచుకు రావడం రెండు జాతుల్లోనూ ఉంది.

కాలం విషయానికి వస్తే, సెప్టెంబరు చివరి వారం నుంచి అక్టోబరు మొదటి రోజుల వరకు ఈ చెట్లు బంగారు వర్ణంలో ఉంటాయి. బాన్ఫ్ జాతీయ వనంలోని లార్చ్ వ్యాలీ, వాషింగ్టన్‌లోని ఎన్‌చాంట్‌మెంట్స్ ప్రాంతం అప్పుడు జనంతో నిండిపోతాయి. రంగు చూసి ఆనందించడానికి ఆ రోజులు సరే కానీ, జాతిని గుర్తించడం నేర్చుకోదలచిన వారికి జులై, ఆగస్టు నెలలే అనుకూలం. ఆకు, నూగు, కొత్త శంకువు మూడూ ఒకేసారి దొరుకుతాయి.

శీతాకాలంలో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మోడుగా ఉన్న చెట్టును చచ్చిపోయిందని అనుకోవడం మొదటిది. సన్నటి కొమ్మను మెల్లగా వంచి చూడండి, బతికినది వంగుతుంది, ఎండినది పుటుక్కున విరుగుతుంది. రెండోది ఇంకా చిత్రమైనది. సుమారు 20 ఏళ్ళ లోపు మొక్కల కింది కొమ్మల మీద కొన్ని ఆకులు రాలకుండా చలికాలమంతా పచ్చగానే ఉంటాయి కనుక, ఆ మొక్కను చూసి ఇది లార్చ్ కాదని తోసిపుచ్చే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు కొమ్మ నూగును చూసుకోవడమే దారి. రాళ్ళ సందుల్లోని ఈ చిన్న మొక్కలను తొక్కకుండా నడవడం కూడా అవసరం. 80 ఏళ్ళు నిండేవరకు ఈ చెట్టు చెప్పుకోదగ్గ విత్తనాలు ఇవ్వదు, మంచి కాపు వచ్చే సంవత్సరాలు కూడా అరుదు, కాబట్టి పోయిన మొక్క స్థానంలో మరొకటి రావడానికి చాలా కాలం పడుతుంది. 500 ఏళ్ళు దాటిన చెట్లు ఈ జాతిలో సాధారణమే. అయినా కాండం మందాన్ని బట్టి వయసు చెప్పబోవద్దు. ముసలి చెట్ల లోపలి కలప తరచుగా కుళ్ళిపోయి ఉండడం వల్ల వలయాలు లెక్కించేవారికే అది కష్టం.

ఇన్ని చూసినా తేలని చెట్టు ఒక్కోసారి ఎదురవుతుంది. మోంటానాలోని కార్ల్‌టన్ రిడ్జ్ వద్ద రెండు జాతులూ దగ్గరగా పెరిగి, వాటి మధ్య సంకరాలు ఏర్పడ్డాయి. వాటి కొమ్మల నూగు, ఆకుల తీరు ఈ రెండింటికీ నడుమన ఉండవచ్చు. అటువంటి చెట్టును బలవంతంగా ఏదో ఒక జాతిలో చేర్చకుండా, చూసిన లక్షణాలను, స్థలాన్ని, ఎత్తును రాసుకొని, కొమ్మ కొన ఛాయాచిత్రాన్ని దగ్గర నుంచి తీసి పెట్టుకోండి.