పట్టా లేనివారు సృజనాత్మక వృత్తిలోకి రావడం ఎలా

ముందుగా తేల్చుకోవలసినది, మీరు ఎంచుకున్న పనికి చట్టం అర్హతాపత్రాన్ని కోరుతుందా లేదా అన్నది. భవనాల రూపకల్పన వంటి, మనుషుల భద్రతతో ముడిపడిన పనులకు చాలా దేశాలలో లైసెన్సు తప్పనిసరి. రచన, చిత్రలేఖనం, ఫోటోగ్రఫీ, సంగీతం వంటి వాటికి సాధారణంగా అటువంటి షరతు ఉండదు.

అయితే కళాశాల ఇచ్చేది పట్టా ఒక్కటే కాదు. అది మంచి నమూనాలను దగ్గరగా చూపిస్తుంది, గడువు పెట్టి పని చేయిస్తుంది, తప్పులు దిద్దుతుంది. పట్టా లేకపోవడం కన్నా ఈ మూడూ అందకపోవడమే అసలు లోటని నా అభిప్రాయం. వాటిని మీరే సమకూర్చుకోవాలి.

నమూనాల విషయంలో అమెరికా రచయిత, రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పద్ధతి నేటికీ పనికివస్తుంది. పదేళ్ల వయసులోనే బడి మానవలసివచ్చిన ఆయన, తనకు నచ్చిన పత్రికా వ్యాసంలోని ఒక్కొక్క వాక్యం సారాన్ని క్లుప్తంగా రాసిపెట్టుకొని, కొన్ని రోజులు పక్కన ఉంచి, మూలం చూడకుండా సొంత మాటలలో వ్యాసాన్ని తిరిగి రాసి, ఆ తరువాత రెండింటినీ పోల్చి తప్పులు దిద్దుకునేవారు. ఒక్కోసారి ఆ క్లుప్త వాక్యాలను కలగాపులగం చేసి, కొన్ని వారాల తరువాత సరైన వరుసలో పేర్చడానికి ప్రయత్నించేవారు. ఆలోచనలకు క్రమం కల్పించడం ఆయనకు అలా అలవడింది. బొమ్మలకూ ఇదే వర్తిస్తుంది. ఆర్కిటెక్చర్ కళాశాలలో చదవకుండానే 1995లో, ఆ రంగంలో అత్యున్నతమైనదిగా భావించే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న జపాన్ వాస్తుశిల్పి తడావో ఆండో, తనకన్నా ముందు తరపు ప్రసిద్ధ వాస్తుశిల్పి లె కార్బూజియే గీసిన చిత్రాలపై కాగితం పెట్టి పదేపదే గీసుకున్నారు. చూసి మెచ్చుకునేటప్పుడు కంటికి ఆనని నిర్ణయాలు చేత్తో చేసినప్పుడు తెలుస్తాయి. ఇటువంటి అనుకరణ సాధనకు మాత్రమేనని, దానిని సొంత పనిగా చూపకూడదని వేరే చెప్పనవసరం లేదు.

గడువు మీకు మీరే పెట్టుకుంటే జారిపోతుంది కాబట్టి, ఫలానా రోజుకు ఇస్తానని మరొకరికి మాట ఇవ్వండి. ఆ పని చిన్నదైనా పూర్తయ్యేదిగా ఉండాలి. దానిని చూపినప్పుడు బాగుందా అని అడిగితే మర్యాదపూర్వకమైన జవాబే వస్తుంది. చదువుతుండగా ఎక్కడ విసుగనిపించింది, బొమ్మలో చూపు ముందు ఎక్కడికి పోయింది అని అడిగితే దిద్దుకోవడానికి పనికివచ్చే జవాబు దొరుకుతుంది.

పని నలుగురికీ చూపడానికి, అర్హతలు అడగని వేదికలను వెతకండి. పారిస్‌లో సరుకులపై సుంకం వసూలు చేసే ఉద్యోగి, తరువాత చిత్రకారుడిగా పేరుపొందిన హెన్రీ రూసో 1886 నుంచి తన చిత్రాలను ప్రదర్శించినది, ఎంపిక సంఘం లేని ప్రదర్శనలోనే. ఆయన ఉద్యోగం వదిలినది 1893లో. జీతం వచ్చే పని చేస్తూ కళను సాగించడం చిన్నతనం కాదు. అద్దె భయం లేనివారికి నచ్చని పనిని కాదనే స్వేచ్ఛ ఉంటుంది.

హక్కుల విషయంలోనూ పట్టాతో పని లేదు. రచయితల, కళాకారుల హక్కులను కాపాడే అంతర్జాతీయ ఒప్పందమైన బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాలలో కాపీరైట్ రక్షణకు రిజిస్ట్రేషన్ షరతు కాదు. కాని ఎవరైనా పని అప్పగించినప్పుడు ప్రతిఫలం ఎంత, ఎప్పుడు ఇస్తారు, ఎన్నిసార్లు మార్పులు చేయాలి, దానిని ఎక్కడెక్కడ వాడుకుంటారు అన్నవి రాతపూర్వకంగా ఖరారైన తరువాతే మొదలుపెట్టండి.