లేతు మిషన్ కనెక్షన్ – 6వ పాఠం: చక్కు వెనక్కి తిరిగిందా?

ఇవాళ ఓవర్‌లోడ్ రిలే, అంటే మోటారు ఎక్కువ కరెంటు లాగితే దాన్ని ఆపేసే (ట్రిప్ చేసే) భాగం గురించి చెప్పాలి. కానీ పోయిన పాఠం చూసి లేతు మోటారుకి వైరింగ్ చేసుకున్నవాళ్ల ఫోన్లన్నీ ఒకటే: ‘మిషన్ వెనక్కి తిరుగుతోందండీ.’ తప్పు నాదే. మూడు ఫేజుల్లో ఏ రెండు మార్చినా దిశ మారుతుందని ఒక్క ముక్క రాసి వదిలేశాను.

పాలకొల్లు దగ్గర చెరువుల్లో గాలి కలిపే ఏరియేటర్లకి లేతు మీద షాఫ్టులు తిప్పే కుర్రాడొకడు మూడు వైర్లూ ఊడదీసి ఒక్కో గడి పక్కకి జరిపాడు. ‘మూడూ మార్చేశానండీ, అయినా అటే తిరుగుతోంది’ అంటాడు. తిరక్కేం చేస్తుంది? ఎరుపు–పసుపు–నీలం కాస్తా పసుపు–నీలం–ఎరుపు అయింది. రంగులరాట్నం గుర్రాల్ని ఎక్కణ్ణుంచి లెక్కపెట్టినా వరస అదేగా! రెండే మార్చాలి, మూడోదాన్ని ముట్టుకోకూడదు.

అత్తిలి వైపు ఇంకొకాయన రెండే మార్చారు, కానీ మెయిన్ బోర్డులో మార్చారు. లేతు సరిగ్గానే తిరిగింది. అదే బోర్డు మీదున్న పంపు మాత్రం తిరుగుతోంది గానీ నీళ్లు పోయడం లేదు. అందుకే మామూలు డైరెక్ట్ స్టార్టరయితే (మోటారుకి నేరుగా పూర్తి వోల్టేజీ ఇచ్చేది) దాని కిందివైపు, మోటారుకి వెళ్లే వైర్ల దగ్గరే మార్చండి. నేనెప్పుడూ అక్కడే మారుస్తాను.

స్టార్–డెల్టా స్టార్టరుంటే (మోటారుని ముందు స్టార్ కనెక్షన్లో మెల్లగా ఎత్తి, తర్వాత డెల్టాలోకి మార్చేది) మాత్రం ఆ పని చెయ్యొద్దు. అక్కడ మోటారుకి ఆరు వైర్లు వెళ్తాయి. వాటిలో రెండు అటూ ఇటూ వేస్తే స్టార్‌లో బుద్ధిగా తిరుగుతుంది. డెల్టాలోకి పడగానే ఒక వైండింగు (మోటారు లోపలి తీగ చుట్ట) రెండు చివరలూ ఒకే ఫేజు మీదకొచ్చి, మోటారు మూలిగి ట్రిప్ అవుతుంది. దానికి స్టార్టర్ పైన, కరెంటు వచ్చే వైపు రెండు మార్చాలి.

అసలు నాకు ఒళ్లు మండేది ఇంకోటి. చక్కు (పని ముక్కని పట్టుకునే భాగం) బిగించి, బెల్టు వేసి, దిశ చూద్దామని బటన్ నొక్కడం! పాత లేతుల్లో చక్కు స్పిండిల్ మీద, అంటే తిరిగే ఇరుసు మీద, మరతో ఎక్కి ఉంటుంది. స్పిండిల్ ఒక్కసారి వెనక్కి లాగితే బరువైన చక్కు దాంతోపాటు కదలదు, మర ఊడుతుంది. ఊడిన చక్కు లేతు బెడ్డు మీద పడితే బెడ్డు పోతుంది, కాలి మీద పడితే కాలు పోతుంది. కాబట్టి చక్కు విప్పండి. బెల్టు తీయండి. మెయిన్ దించి ఉండగానే స్పిండిల్ పుల్లీని చేత్తో తిప్పుతూ స్పిండిల్‌ని చూడండి. మీరు మిషన్ ముందు నిలబడితే దాని పై అంచు మీ వైపొచ్చి కిందికి దిగాలి. పుల్లీ ఎటు తిరిగినప్పుడు అలా జరిగిందో దాని మీద సుద్దముక్కతో బాణం గీయండి. మెలిక లేని బెల్టు రెండు పుల్లీల్నీ ఒకే వైపు తిప్పుతుంది గనక మోటారు పుల్లీ కూడా ఆ బాణం వైపే తిరగాలి. అప్పుడు మెయిన్ ఎత్తి బటన్ నొక్కి వెంటనే ఆపండి. ఆగిపోయే ముందు దిశ తెలిసిపోతుంది.

వైరు ముట్టుకునే ప్రతిసారీ మెయిన్ దించి, ఫ్యూజు క్యారియర్లు (ఫ్యూజు తీగ ఉండే పిడులు) ఊడదీసి జేబులో వేసుకోండి. స్క్రూడ్రైవర్ టెస్టర్ని నేను నమ్మను. ఒకే వాట్ల మామూలు ఫిలమెంట్ బల్బులు రెండు సిరీస్‌లో కట్టిన టెస్ట్ లాంప్ వాడతాను. ఫేజుకీ ఫేజుకీ మధ్య 415 వోల్టులు, ఒక్క 230 వోల్టుల బల్బు తట్టుకోలేదు. లాంప్ ముందు కరెంటున్న చోట వెలిగిందో లేదో చూసి, ఆ తర్వాతే కరెంటు లేని చోట పెట్టండి.

ఇక రిలే. డైరెక్ట్ స్టార్టరయితే మోటారు నేమ్‌ప్లేటు మీద ఎన్ని ఆంపియర్లుంటే అంతకే ముల్లు పెట్టండి. స్టార్–డెల్టాలో రిలే మామూలుగా వైండింగు వైర్లలో ఉంటుంది గనక అందులో 58 శాతం: 14 ఆంపియర్ల మోటారుకి సుమారు 8. ట్రిప్ అవుతోందని ముల్లు పైకి జరపడం వైద్యం కాదు. వానల్లో ఒక ఫేజు పోయినా ట్రిప్ అవుతుంది, ముందు అది చూడండి.

అభ్యాసం: ఎరుపు, పసుపు, నీలాలు మూడు టెర్మినళ్ల మీద ఎన్ని రకాలుగా కూర్చోగలవో కాగితం మీద రాయండి. ఆరు వస్తాయి. ఏ మూడు ముందుకి, ఏ మూడు వెనక్కో చూడకుండా చెప్పగలగాలి. తర్వాత బెల్టు లేకుండా, డైరెక్ట్ స్టార్టర్ మీద, ఆ ఆరూ ఒక్కొక్కటిగా కట్టి చూడండి. ప్రతి మార్పుకీ మెయిన్ దించడం, క్యారియర్లు జేబులోకి, టెస్ట్ లాంప్. పూట పడుతుంది, పట్టనీయండి. కాగితంతో పాటు మీ మోటారు నేమ్‌ప్లేటు కూడా అక్షరం వదలకుండా రాసి ఉంచండి, ఏడో పాఠం దాంతోనే మొదలవుతుంది.