పగిలిన నీళ్ల డ్రమ్ముకు అతుకు వేయడం ఎలా?

విశాఖ మర్రిపాలెంలో మా మేడ మీద బెండ, బీర, ఆనప పాదులకు నీళ్లు నిలవుంచే నీలం డ్రమ్ము మొన్న వేసవిలో అడుగు నుంచి జానెడు ఎత్తుదాకా బీట తీసింది. అందరిలాగే నేనూ ముందు ఎపాక్సీ ముద్ద కలిపి దట్టంగా మెత్తాను. రెండు రోజులు ఆగింది. మూడో రోజు పొద్దున ముద్దకు ముద్ద పెచ్చులా ఊడి చేతికొచ్చేసింది. డ్రమ్ము మీద దాని మరక కూడా లేదు.

ఆ ముద్దలో లోపమేమీ లేదు. ఈ డ్రమ్ములు హెచ్‌డీపీఈ అనే గట్టి పాలిథిన్‌తో చేస్తారు. మామూలు జిగురేదీ దాని ఒంటికి అంటదు. ఫెవిక్విక్ లాంటివీ అంతే. పీవీసీ పైపులకు రాసే సొల్యూషన్ పీవీసీని కొంచెం కరిగించి కలుపుతుంది గానీ పాలిథిన్ మీద దాని ఆటలు సాగవు. కాబట్టి దారి ఒక్కటే: అదే రకం ప్లాస్టిక్ ముక్కను కరిగించి పగులులో పోయడం. పాత గిన్నెకు మాటు వేసినట్టే అనుకోండి.

మొదట డ్రమ్ము బాగుచేయడానికి పనికొస్తుందో లేదో చూడండి. ఎండ పడే వైపు గోరుతో గట్టిగా గీకండి. తెల్లటి పొడి రాలినా, బొటనవేలితో నొక్కితే పటపటమన్నా ఆ ప్లాస్టిక్ ఎండకు చచ్చిపోయినట్టే. ఒకచోట అతికితే పక్కన పగులుతుంది. కంచరపాలెంలో పాత సామాన్ల కొట్టాయన ఒక డ్రమ్మును చూసి, "పొడి రాలతందంటే ఇంకేటీ సెయ్యలేం బాబూ" అనేశాడు. అలాంటిదాన్ని అడ్డంగా కోసి రెండు తొట్లు చేసుకోవడమే మేలు. ఇంకో మాట. డ్రమ్ములో ఇదివరకు ఏ రసాయనం ఉండేదో తెలియకపోతే దాని దగ్గర వేడి పెట్టవద్దు, ఆ నీళ్లు కూరమొక్కలకూ పోయవద్దు. లోపల మిగిలిన ఆవిరికి నిప్పంటుకోవచ్చు.

తర్వాత అతుకు ముక్క. డ్రమ్ము అడుగున త్రికోణం గుర్తులో 2 అంకె ఉంటే అది హెచ్‌డీపీఈ. ముక్క కూడా 2 అంకె ఉన్నదే కావాలి: పాత క్యాను, విరిగిన డ్రమ్ము మూత, ఏదైనా సరే. చాలా బకెట్ల మీద 5 ఉంటుంది, అది పాలీప్రొపిలీన్. కరిగినప్పుడు రెండూ కలిసిపోయినట్టే కనిపిస్తాయి, చల్లారాక విడిపోతాయి. అంకె చెరిగిపోతే చిన్న ముక్క నీళ్లలో వేయండి. మునిగితే అది పాలిథిన్ కాదు. తేలినంత మాత్రాన నిర్ధారణ కాదు, ఎందుకంటే 5 రకం కూడా తేలుతుంది. అందుకని ముందు డ్రమ్ము అంచు మీద ఓ మూల చిన్న చుక్క కరిగించి అంటించి, చల్లారాక పట్టకారుతో లాగి చూడండి. ఊడకపోతే ముక్క సరైనదే.

మిగతా సామాను: 60 వాట్ల సాల్డరింగ్ ఐరన్ (కరెంటు తీగలకు టంకం వేసే పనిముట్టు), 3 మి.మీ. డ్రిల్లు బిట్టు, గరుకు కాగితం, పదునైన చాకు, కొంచెం స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ. మామూలు ఇనప జాలీ వద్దు, మన సముద్రగాలికి నెలల్లోనే తుప్పు పట్టి అతుకును లోపల్నుంచి తినేస్తుంది.

ఇక పని. డ్రమ్ము ఖాళీ చేసి, కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. ఖాళీ డ్రమ్ములో బీట మూసుకుపోతుంది, కంటికి కనిపించేదాని కంటే పొడవుగా ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి మా ఇంట్లో వాడిన చిట్కా ముగ్గుపిండి. పగులు చుట్టూ పొడిగా రుద్ది గుడ్డతో తుడిస్తే నీలం మీద తెల్లగీత మిగులుతుంది. ఆ గీత రెండు కొసల దగ్గరా మార్కరుతో గుర్తు పెట్టి, పిండి శుభ్రంగా కడిగి మళ్లీ ఆరబెట్టండి. పిండి మిగిలితే అతుకు పట్టదు.

ఆ రెండు కొసల్లోనూ 3 మి.మీ. బెజ్జాలు వేయాలి. ఈ పని దయచేసి వదిలేయకండి. పగులు మొన సూదిలా ఉంటుంది, నీటి ఒత్తిడంతా అక్కడే చేరి ముందుకు చీలుస్తుంది. గుండ్రటి బెజ్జం పడితే ఆ ఒత్తిడి చుట్టూ సర్దుకుని చీలిక అక్కడితో ఆగుతుంది. డ్రిల్లు లేకపోతే కాల్చిన మేకుతో వేయవచ్చు.

ఇప్పుడు పగులు వెంట గోడ మందంలో సగం లోతు వరకు చాకుతో చిన్న కాలువలా చెక్కండి. ఇరువైపులా రెండేసి వేళ్ల వెడల్పున గరుకు కాగితం రుద్దండి. అతుకు ముక్కను అగ్గిపుల్ల మందాన పట్టీలుగా కోసుకోండి.

కరిగించే పని పొద్దున్నే పెట్టుకోండి. మధ్యాహ్నం సముద్రగాలి ఊపందుకుంటే ఐరన్ మొన చల్లబడిపోతుంది. ఆరుబయటే చేయాలి, పొగ పీల్చకూడదు, ఎక్స్‌టెన్షన్ బోర్డు తడికి దూరంగా ఉండాలి. హెచ్‌డీపీఈ దాదాపు 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఐరన్ మొన అంతకు రెట్టింపుకు పైగా వేడెక్కుతుంది. గోధుమరంగు తిరిగినా పొగ లేచినా ప్లాస్టిక్ మాడుతున్నట్టు. వెంటనే మొన ఎత్తేయండి. కాలువ గోడలు మెరిసి మెత్తబడ్డాకే పట్టీ పెట్టి, రెండూ కలిసి ఒకే ముద్దయ్యేలా అంగుళం అంగుళం చొప్పున జరగండి. నా మొదటి ప్రయత్నంలో పట్టీ ఒక్కటే కరిగింది, కింది గోడ చల్లగానే ఉండిపోయింది. అది దారంలా ఊడొచ్చింది. రెండు వైపులా కరగడంలోనే ఈ పనంతా ఉంది.

దాని మీద జాలీ ముక్క పరిచి మొనతో లోపలికి దిగనొక్కి, పైన మరో పూత కరిగించండి. చెయ్యి అందితే లోపలి వైపూ ఇలాగే చేయండి. అడుగు దగ్గరి పగులుకు ఇది తప్పనిసరి. నీళ్లు చల్లి చల్లార్చకండి, హఠాత్తుగా ముడుచుకుంటే మళ్లీ చీలుతుంది. గంటసేపు దాని మానాన వదిలేయండి.

పగులు కుళాయి దగ్గరైతే కరిగించే అవసరం లేకపోవచ్చు. చీలిన భాగమంతా పోయేలా బెజ్జం పెద్దది చేసి, పెద్ద సైజు ట్యాంక్ నిపుల్‌ను (గోడలోంచి దూర్చి కుళాయి బిగించే మరల గొట్టాన్ని) రెండు వైపులా రబ్బరు వాషర్లతో బిగిస్తే చాలు.

మొదటి రోజు మూడో వంతు నీళ్లే నింపి రాత్రంతా ఉంచండి. పొద్దున అతుకు కింద పాత పేపరు పొడిగా ఉంటే పూర్తిగా నింపండి.

మా డ్రమ్ము పగలడానికి కారణం ఎండ ఒక్కటే కాదు. నాలుగు ఇటుకల మీద నిలబెట్టాను, మధ్యలో ఆసరా లేదు. 200 లీటర్లంటే 200 కిలోలు, ఆ బరువంతా నాలుగు మూలల మీదే పడింది. ఇప్పుడు అడుగంతా ఆనేలా కడప బండ వేసి, గోడవారన, కింద దూలం ఉన్నచోటికి జరిపాను. అతుకు గోడవైపు తిప్పి, ఎండ పడే వైపు గోనెసంచి చుట్టాను.

మూతకు సందు లేకుండా గుడ్డ కట్టండి. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య సిబ్బంది చెబుతారు కదా, ఆ రోజు డ్రమ్ము ఖాళీ చేసి లోపలి గోడలు రుద్దితే డెంగీ దోమ గుడ్లూ పోతాయి, అతుకునూ చేత్తో తడిమి చూసుకోవచ్చు. తుఫాను హెచ్చరిక ఉన్న వారం మాత్రం ఖాళీగా వదలకండి. వట్టి డ్రమ్ము బరువు 8–10 కిలోలకు మించదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలి చూసినవాళ్లం, మేడ మీద తేలిక సామాను ఏమవుతుందో మనకు తెలుసు. నిండా నీళ్లు పట్టి, మూత తాడుతో బిగించి ఉంచండి.