పెర్ఫ్ యానొటేట్‌లో జంప్ బాణాలు మాయమైతే (నా అనుభవం)

పెర్ఫ్ అంటే లినక్స్‌లో ప్రోగ్రాం పనితీరు కొలిచే సాధనం. దాని యానొటేట్ ఒక ఫంక్షన్‌లోని మెషిన్ ఆదేశాలను, ఒక్కోదాని ఖర్చు శాతాన్ని చూపిస్తుంది; ఒక ఆదేశం నుంచి ఇంకోదానికి దూకే చోట బాణం గీస్తుంది. ఏఆర్ఎం 64 ప్రాసెసర్లలో డిసాసెంబ్లీ (మెషిన్ కోడ్‌ను చదవగలిగే ఆదేశాలుగా మార్చడం) ప్యాచ్ పెట్టాక యానొటేట్‌లో ఈ జంప్ బాణాలు కనిపించట్లేదని మా అనంతపురం కుర్రాళ్లు తరచూ అడుగుతున్నారు. శాతాలు మాత్రం సరిగ్గానే ఉంటాయి. మళ్లీ రికార్డు చేయడం, డీబగ్ సింబల్స్‌తో బిల్డ్ చేయడం, టెర్మినల్ మార్చడం, ఏదీ పనికి రాలేదు.

దారి దొరికింది ఇలా. రికార్డు చేసిన డేటా ఫైలు ఒక్కటే ఉంచుకోవాలి. మళ్లీ చేస్తే శాతాలు మారి పోలిక చెడుతుంది. పెర్ఫ్ కాన్ఫిగ్‌లో యానొటేట్ కింద డిసాసెంబ్లర్స్ సెట్టింగ్‌లో మొదట ఆబ్జ్‌డంప్ అనే డిసాసెంబ్లర్ ఒక్కటే ఇచ్చి, ఒకే ఫంక్షన్‌ను --stdio ఆప్షన్‌తో ఫైలులోకి పంపాలి. తర్వాత ఇంకో డిసాసెంబ్లర్ క్యాప్‌స్టోన్ ఇచ్చి అదే పని చేసి, రెండు ఫైళ్లనూ డిఫ్‌తో పోల్చాలి. సోర్సు లైన్లు ఆపేయండి, లేకుంటే డిఫ్ అంతా చెత్తే. బాణాలు ఈ ఫైల్లో కనబడవు, ఫర్వాలేదు; బ్రాంచ్ (దూకే ఆదేశం) లైన్లు చూస్తే చాలు.

ఆబ్జ్‌డంప్ దూకాల్సిన గమ్యం అడ్రస్‌ను ఉత్త హెక్స్ అంకెల్లో రాస్తుంది. క్యాప్‌స్టోన్ దాని ముందు హ్యాష్ (#) గుర్తు పెడుతుంది. పెర్ఫ్ ఆ అక్షరాలనే 16 బేస్‌లో అంకెగా మారుస్తుంది కాబట్టి, హ్యాష్ దగ్గరే ఆగి సున్నా వస్తుంది. సున్నా ఫంక్షన్ బయటి అడ్రస్, ఇక బాణమెక్కడిది? అంకె చదివే ముందు ఆ గుర్తు దాటేయమని ఆ ప్యాచ్ రివ్యూలో రాశాను, బాణాలు తిరిగొచ్చాయి.

ఎక్స్86లో ఈ గుర్తు రాదు. అక్కడ బాణాలు పోతే కారణం వేరే. పాత పెర్ఫ్‌లలో పై సెట్టింగే ఉండదు.