టెస్ట్ మెయిల్ వెళ్తుంది, అటాచ్‌మెంట్ ఆగుతుంది: పోస్ట్‌ఫిక్స్‌కూ మోడెమ్‌కూ మధ్య సమస్య - పరిష్కారం

బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్ వెనుక లైనక్స్‌పై పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ నడిపేవారిలో చాలామంది, మెయిల్ ఆగగానే దాని సెట్టింగులుండే మెయిన్.సీఎఫ్ ఫైలు తెరిచి మార్పులు మొదలుపెడతారు. ముందు, వెళ్లకుండా వరుసలో (క్యూలో) ఉన్న మెయిళ్లను చూపే మెయిల్‌క్యూ (mailq) ఆదేశం ఇచ్చి చూడండి. ఆగిపోయిన ప్రతి మెయిల్ కిందా కారణం బ్రాకెట్లలో ఉంటుంది. ఆ ఒక్క వాక్యం చదవకుండా సర్వర్‌ను మొదటినుంచి ఇన్‌స్టాల్ చేసినవారిని కూడా చూశాను.

ఎవరికి పంపినా 25వ పోర్టు దగ్గర ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అని వస్తుంటే, చాలావరకు ఆ పోర్టును మీ ఇంటర్నెట్ సంస్థ మూసివేసిందనే అర్థం. రిలేహోస్ట్‌గా, అంటే మీ మెయిళ్లను అందుకుని ముందుకు పంపే సర్వర్‌గా, మీకు ఖాతా ఉన్న మెయిల్ సర్వర్‌ను, 587వ పోర్టును ఇచ్చి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అమర్చితే సరిపోతుంది.

అసలు చిక్కు కనెక్షన్ కుదిరాక వస్తుంది. రెండు పంక్తుల టెస్ట్ మెయిల్ క్షణంలో వెళ్తుంది, పీడీఎఫ్ జోడించిన మెయిల్ మాత్రం క్యూలోనే ఉండిపోతుంది, లాగ్‌లో ‘టైమ్డ్ అవుట్ వైల్ సెండింగ్ మెసేజ్ బాడీ’ అని కనిపిస్తుంది. ఒక ఆడిటర్ ఆఫీసులో దీనితో నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. అటాచ్‌మెంట్ సైజు పరిమితి పెంచాను, టైమ్అవుట్ పెంచాను, చివరికి అవతలి సర్వర్‌నే అనుమానించాను. టెల్‌నెట్‌తో చేత్తో టైప్ చేసిన మెయిల్ చక్కగా చేరడంతో నెట్‌వర్క్ బాగానే ఉందని నమ్మడమే నేను చేసిన పొరపాటు.

జరుగుతున్నది ఇది. ఈథర్‌నెట్ కార్డు 1500 బైట్ల ప్యాకెట్లు పంపుతుంది. మోడెమ్ పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో బ్రాడ్‌బ్యాండ్‌కు కలిసే పద్ధతి) ద్వారా కలుస్తుంటే అందులో 8 బైట్లు దాని హెడర్లకే పోయి, 1492 మాత్రమే మిగులుతాయి. లైనక్స్ తన ప్యాకెట్లపై ‘ముక్కలు చేయవద్దు’ అన్న గుర్తు పెడుతుంది కాబట్టి, మోడెమ్ పెద్ద ప్యాకెట్‌ను పారవేసి, 1492కు తగ్గించమని ఐసీఎంపీ (నెట్‌వర్క్ లోపాలను తెలిపే, పింగ్ కూడా వాడుకునే ప్రోటోకాల్) సందేశం పంపుతుంది. ఆ ఆఫీసులో ఎవరో జాగ్రత్తపరులు ఫైర్‌వాల్‌లో పింగ్‌ను మాత్రం వదిలి మిగతా ఐసీఎంపీ అంతటినీ డ్రాప్ చేశారు. సందేశం అందని సర్వర్ అదే ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూ, మూడు నిమిషాల తరువాత చేతులెత్తేసేది. చిన్న మెయిల్ ఒక్క ప్యాకెట్‌లోనే ఇమిడిపోతుంది కాబట్టి దానికి ఈ బాధ లేదు.

నిర్ధారించుకోవడానికి, ముక్కలు చేయవద్దన్న షరతుతో పింగ్‌కు 1464 బైట్లు ఇవ్వండి, తరువాత 1472 ఇవ్వండి. దీనికి 28 బైట్ల హెడర్లు కలిస్తే 1492, 1500 అవుతాయి. మొదటిదానికి జవాబు వచ్చి, రెండోదానికి ఏ ఎర్రర్ కూడా లేకుండా నిశ్శబ్దంగా ఉంటే దొంగ దొరికినట్టే.

ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీ టైప్ 3, కోడ్ 4ను, అంటే ప్యాకెట్ తగ్గించమనే ఆ సందేశాన్ని, అనుమతించండి. ఆ నియమం డ్రాప్ నియమానికి పైన ఉండాలి, కింద రాసి ఫలితం లేదనేవారు ఎక్కువ. మోడెమే ఆ సందేశం పంపని రకమైతే, సర్వర్ ఈథర్‌నెట్ ఎంటీయూను (ప్యాకెట్ గరిష్ఠ సైజును) 1492 చేసి, రీబూట్ తరువాత కూడా నిలిచేలా నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్‌లో రాయండి. మోడెమ్‌ను బ్రిడ్జ్‌గా పెట్టి లైనక్సే డయల్ చేస్తుంటే, వెనుక ఉన్న కంప్యూటర్ల కోసం ఫైర్‌వాల్ ఫార్వర్డ్ చైన్‌లో (ఇతరుల ప్యాకెట్లను దాటించే నియమాల వరుసలో) ఎంఎస్ఎస్ క్లాంపింగ్, అంటే ప్యాకెట్లలోని డేటా సైజును ముందే తగ్గించే నియమం, పెట్టాలి.

డిస్కు నిండడం, డీఎన్ఎస్ తప్పడం వంటివీ ఉంటాయి. వాటిని లాగ్ నేరుగా పేరుపెట్టి చెబుతుంది కనుక ఇక్కడ వివరించను.

సరిచేశాక పోస్ట్‌క్యూ (postqueue -f) ఆదేశంతో క్యూను ఒక్కసారి ఫ్లష్ చేసి, అంటే ఆగినవాటిని మళ్లీ పంపించి, టెస్ట్ మెయిల్‌ను కాకుండా ఆగిపోయిన ఆ పీడీఎఫ్ మెయిల్‌నే లాగ్‌లో వెతకండి; దాని పక్కన ‘స్టేటస్=సెంట్’ కనిపించే దాకా మెయిన్.సీఎఫ్ జోలికి వెళ్లకండి.