ముఖం మీద ఎర్రటి రక్తనాళాలకు లేజర్: ముందు ఏం చూసుకోవాలి

అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు మీరు ముఖానికి రాస్తున్న క్రీముల ట్యూబులన్నీ బయటికి తీసి వెనక సన్నక్షరాలు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, వీటిలో ఏ పేరున్నా అది స్టీరాయిడే. తెల్లబడతామని మందుల షాపులో అడిగి కొనుక్కుని నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, లోపలి సన్న రక్తనాళాలు వెడల్పయి బుగ్గల మీద, ముక్కు పక్కన ఎర్రగా తేలతాయి. ఆ క్రీము రాస్తూనే లేజర్ చేయించుకుంటే డబ్బు దండగ. అలాగని ఉన్నట్టుండి మానేసినా ముఖం మంటెత్తిపోతుంది, స్కిన్ డాక్టర్ చెప్పిన పద్ధతిలోనే మానండి.

ఎండ, రొసేషియా (ముఖం తరచూ ఎర్రబడే చర్మ జబ్బు) కూడా కారణాలే. ఎర్రచుక్క చుట్టూ సాలీడు కాళ్లలా గీతలు గర్భిణులకు వస్తే తొందరపడొద్దు, కాన్పయ్యాక చాలావరకు అవే పోతాయి. గర్భిణులు కానివాళ్లకు ఒక్కసారిగా ఎక్కువ వస్తే మాత్రం లివర్ పరీక్ష చేయించుకోవాలి.

ఇక అసలు సంగతి. లేజర్ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడికి నాళం మూసుకుపోతుంది. కానీ చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా ఆ కాంతిని లాగేసుకుంటుంది, అందుకే చామనఛాయ, నల్లటి చర్మం ఉన్న మనవాళ్లకు బొబ్బలు, నల్లమచ్చలు వచ్చే ముప్పు ఎక్కువ. లేజర్లలో రకాలున్నాయి, పేరు ముందుండే అంకె ఆ కాంతి తరంగం పొడవు. 532 నానోమీటర్ల కేటీపీ, 595 పల్స్‌డ్ డై లేజర్లతో పోలిస్తే 1064 ఎన్‌డీ యాగ్‌ను మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది. అయితే అది లోతుకి దిగుతుంది, నొప్పి ఎక్కువ, మోతాదు మించితే మచ్చ పడుతుంది. కాబట్టి ఏ మెషిన్ వాడతారు, డాక్టరే చేస్తారా, ముందు చెవి దగ్గర చిన్న చోట టెస్ట్ చేస్తారా అని మొహమాటం లేకుండా అడగండి. విసుక్కుంటే ఇంకో చోటికి వెళ్లండి.

నెల ముందునుంచే ఎండ తగలకుండా చూసుకుని, రోజూ ఎస్‌పీఎఫ్ 30 పైన సన్‌స్క్రీన్ రాయండి. ఐసోట్రెటినోయిన్ (మొటిమలకు ఇచ్చే మందు), రక్తం పల్చబడే మందులు వాడుతుంటే, పెదవి మీద హెర్పిస్ పొక్కులు వచ్చే అలవాటుంటే ముందే చెప్పాలి.

చేసేటప్పుడు చురుక్కుమంటుంది, కళ్లకు షీల్డ్ తప్పనిసరి. తర్వాత ఒకట్రెండు రోజులు ఎరుపు, వాపు మామూలే. డై లేజర్‌తో అయితే కమిలిన మచ్చలు వారం పదిరోజులు ఉండొచ్చు, పెళ్లి ముహూర్తం దగ్గర పెట్టుకుని చేయించుకోకండి. స్క్రబ్, ఆవిరి వద్దు. బొబ్బ లేస్తే గిల్లకుండా అదే రోజు డాక్టర్‌కి చూపించండి. చాలామందికి ఒక్క సిట్టింగ్ సరిపోదు, 4 నుంచి 6 వారాల ఎడంతో రెండు మూడు పడతాయి, కాబట్టి మొత్తం ఖర్చు ఎంతో మొదటి రోజే అడిగి రాయించుకోండి.