పాత క్యాబినెట్‌కి రంగు కలవడం లేదా?

తొంభైల నాటి కంప్యూటర్ క్యాబినెట్‌కి చుట్టూ ఉన్నది పెయింటు వేసిన ఇనప రేకు. ముందు ముఖం మాత్రం ఏబీఎస్ ప్లాస్టిక్. దానికి పెయింటు ఉండదు, రంగు ప్లాస్టిక్‌లోనే కలిసి ఉంటుంది. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

సమస్య: రేకుకి కొత్తగా వేసిన రంగు ముందు ముఖంతో కలవడం లేదు

కారణం: పసుపెక్కిన ప్లాస్టిక్‌ని చూపించి రంగు కలిపించారు. ఏబీఎస్ ఎండకీ వేడికీ గాలికీ ఏళ్ళ తరబడి పసుపు తిరుగుతుంది. మంట అంటుకోకుండా అందులో కలిపే బ్రోమిన్ రసాయనాలూ ఇందుకు తోడవుతాయి. పైగా అంతటా ఒకేలా తిరగదు. కిటికీ వైపు చెంప ముదురు, గోడ వైపుది లేత. ఇందులో ఏ పసుపుకని కలుపుతారు?

పరిష్కారం: అసలు రంగు దాగిన చోటు వెతకండి. నా పెంటియం క్యాబినెట్ మీది చిన్న స్టిక్కర్‌ని హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేసి గోటితో మెల్లగా లేపాను. కింద తపాలా బిళ్ళంత చోట, మీగడలో చిటికెడు బూడిద కలిపినట్టున్న రంగు. దాని చుట్టూ అంతా టీ మరక. అన్నేళ్ళూ ఆ టీ మరకే అసలు రంగనుకున్నాను. స్టిక్కర్ కదపడం ఇష్టం లేకపోతే డ్రైవ్ లేని ఖాళీ గడికి ముందు ఉండే ప్లాస్టిక్ మూత ఊడదీసి వెనకవైపు చూడండి. పెయింట్ల కొట్టుకి నమూనాగా ఆ మూతే పట్టుకెళ్ళండి.

ప్లాస్టిక్‌కి పెయింటు వేయొద్దనే నా మాట. వేస్తే దాని సన్నని గరుకు పూడిపోతుంది, అక్షరాలు పోతాయి. దాన్ని తెల్లబరచడమే మేలు. జుట్టు రంగుకి వాడే 40 వాల్యూమ్ పెరాక్సైడ్ క్రీము (అంటే 12 శాతం) సమంగా పూసి, పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి ఎండలో పెట్టండి. గంటకోసారి చూసి క్రీము సర్దాలి. ఎక్కడైనా ఆరిపోతే అక్కడ మచ్చ పడుతుంది. చేతులకి గ్లౌజులు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. రేకు రంగు సంగతి ఆ తర్వాతే.

సమస్య: కొట్లో సరిపోయింది, ఇంటికొచ్చాక ఆకుపచ్చ కొడుతోంది

కారణం: కొట్లోని ట్యూబులైటు. వేరువేరు టింటర్లతో (షేడ్ కోసం పెయింటులో కలిపే గాఢమైన రంగులతో) కలిపిన రెండు షేడ్లు ఒక వెలుతురులో ఒకటిగానూ ఇంకో వెలుతురులో వేరుగానూ కనిపిస్తాయి. విజయవాడ ఆటోనగర్‌లో కార్ల పెయింట్లు కలిపే ఒక కొట్లో నాకిలాగే అరలీటరు వృథా అయింది.

పరిష్కారం: రేకు ముక్క మీద కొట్టించి, పూర్తిగా ఆరాక, ఆ ముక్కని డ్రైవ్ మూతకి ఆనించి గుమ్మం బయట నీడపట్టున చూడండి. రెండోసారి నేను అడగకముందే కలిపే అబ్బాయి, "బయటికి రండి సార్, ఇక్కడ తెలీదు" అన్నాడు. ఆకుపచ్చ కొడుతుంటే ఎరుపు టింటర్ చుక్కచుక్కగా వేయించాలి, తెలుపు పోస్తే పోదు. షేడ్ కార్డులో మొదలుపెట్టడానికి ఆర్ఏఎల్ (రంగులకి నంబర్లిచ్చే ఒక ప్రామాణిక పట్టిక) 9001, 9002, 1013 చూడండి. అవే సరిపోతాయని కాదు, వెతుకులాట అక్కడినుంచి దగ్గర.

సమస్య: రంగు కలిసింది, కానీ కొత్త ఫ్రిజ్‌లా మెరుస్తోంది

గ్లాసీ, అంటే బాగా మెరిసే పెయింటు వేశారు. అదే షేడ్ మెరుపుతో ఉంటే ముదురుగా కూడా కనిపిస్తుంది. సాటిన్ (కొద్దిపాటి మెరుపు) లేదా మ్యాట్ (మెరుపు లేని) ఫినిష్ అడగండి.

సమస్య: ఆరాక తెల్లటి పొర, లేదా ఇసుక గరుకు

తెల్లటి పొర వానాకాలపు పని. త్వరగా ఆరే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు మీద గాలిలో తేమ పట్టేస్తుంది. పొడి రోజున కొద్దిగా రిటార్డర్ తిన్నర్ (ఆరడాన్ని నెమ్మది చేసేది) కలిపి ఇంకో పల్చటి కోటు వేస్తే సర్దుకుంటుంది. గరుకు మన ఎండల పని. మే నెల మధ్యాహ్నం స్ప్రే గన్ నుంచి వచ్చిన తుంపర రేకుని తాకకముందే ఆరిపోతుంది. 600 నంబరు వాటర్ పేపర్‌తో (నీళ్ళతో తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్ది, పొద్దున్నే ఎండెక్కక ముందు మళ్ళీ కొట్టండి. ఈ పనంతా ముందు ముఖం విప్పి పక్కన పెట్టాకే. తిన్నర్ తగిలితే ఏబీఎస్ కరుగుతుంది, ఆ మచ్చకి మందు లేదు.